ఇరవై మూడు టోపీలు, పద్ధెనిమిది క్రాఫులు

ఆ వీధి మొదట్లో నిలబడి సెలూన్ ఎక్కడండీ అని అడిగితే, చిన్నవాళ్ళ దగ్గర్నుంచి పెద్దవాళ్ళ దాకా అందరూ ఒకటే మాట చెబుతారు: "బ్రహ్మాండం షాపా? అదిగో, మందుల దుకాణం పక్కనే." బ్రహ్మాండం అనేది ఆ సెలూన్ యజమాని పేరు కాదు, ఊతపదం. ఏ పని చెప్పినా "బ్రహ్మాండంగా చేసిపెడతా" అనేస్తాడు. చేసిపెట్టడం సంగతి తర్వాత. ముందు మాట ఇచ్చెయ్యాలి, లేకపోతే అతనికి తిన్నది అరగదు.

ఇప్పుడు చెప్పబోయేది అతని పరువు పోయిన కథ. ఇంకొకడైతే పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. కానీ ఈ కథని అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది అతనే. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకి గుడ్డ కట్టేసి, కత్తెర రెండుసార్లు గాల్లో ఆడించి, "నా అంత తెలివైనవాడు ఈ చుట్టుపక్కల లేడండీ, ఎలాగంటారా, వినండి" అని మొదలుపెడతాడు. మెడకి గుడ్డ కట్టాక ఎవరు మాత్రం ఎక్కడికి పారిపోతారు? వినాల్సిందే.

పదిహేనో ఏట మేనమామ సెలూన్లో పనికి చేరాడు. మొదటి ఏడాది ఊడ్చడం, రెండో ఏడాది సబ్బు నురగ కలపడం, మూడో ఏట గానీ కత్తెర చేతికి రాలేదు. మేనమామ ఒకటే పాఠం చెప్పాడట: "చేతులు ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడాలిరా. లేకపోతే కూర్చున్నవాడు కునుకు తీస్తాడు, తల వాలుతుంది, చెవి తెగుతుంది." ఆ పాఠంలో నోటికి సంబంధించిన సగం అతనికి వెంటనే ఒంటబట్టింది. మిగతా సగం కూడా మెల్లగా వచ్చిందనుకోండి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క చెవి తప్ప ఏదీ తెగలేదు. ఆ ఒక్కటీ అతనిదే. కత్తి ఎంత మెత్తగా ఆడుతుందో ఒక కస్టమరుకి చూపించబోయి తన చెవే గీసుకున్నాడు.

షాపులో రెండు కుర్చీలు. ఒకటి పైకి లేస్తుంది గానీ కిందికి దిగదు, అందుకని పిల్లల్ని దాంట్లో కూర్చోబెడతాడు. రెండోది దిగుతుంది గానీ లేవదు. రెండూ రిపేరు చేయిస్తానని పెళ్ళయిన కొత్తలో భార్యకి మాటిచ్చాడు. ఇప్పుడు కూతురికి ఎనిమిదేళ్ళు.

భార్య ఆస్పత్రి కౌంటర్లో చీటీలు రాస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా నూటయాభై మందితో మాట్లాడి వస్తుంది కాబట్టి ఇంట్లో మాటలు పొదుపుగా వాడుతుంది. కూతురిని ఆవిడ లాయరమ్మ అని పిలుస్తుంది. ఆ పిల్ల ఏదీ మర్చిపోదు మరి. నాన్న గాలిపటం చేస్తానన్నది ఏ వారం, అది మేడ మీంచి తిన్నగా పక్కింటి నీళ్ళ తొట్టిలో పడింది ఏ వారం, అన్నీ దానికి గుర్తే. హాల్లో ఉయ్యాల కట్టాడు, ఒక్క పూట ఊగింది, సాయంత్రానికి కొక్కెంతో సహా ఇంత సున్నం పెళ్ళ ఊడి కిందికి వచ్చింది. గాజు తొట్టిలో చేపల్ని పెంచుదామన్నాడు. చేపలైతే వచ్చాయి, తొట్టి రాలేదు. మూడు రోజులు స్నానాల బకెట్లోనే ఉన్నాయి పాపం. మూడో రోజు భార్య చెంబు పట్టుకుని నిలబడి, "ఏవండీ, నేను స్నానం చెయ్యాలా, వాటిని అడిగి రావాలా?" అంది. చేపలు ఆ సాయంత్రమే అమ్మినవాడి దగ్గరికి వెళ్ళిపోయాయి.

లాయరమ్మ ఏడవలేదు. ఆ పిల్ల ఏడ్చే రకం కాదు. "పర్లేదులే నాన్నా" అని వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదండీ, ఆ 'పర్లేదులే' ఉంది చూశారూ, అది చెవి దగ్గర గీసుకున్నట్టే ఉండేది అంటాడు బ్రహ్మాండం.

ఆ ఏడు మూడో క్లాసు పిల్లల చేత నాటిక వేయిస్తున్నారు. ఒకే గిన్నెలో ఇరవై రెండు మంది వంటవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఉప్పు వేస్తారు. అంతే కథ. అందరికంటే పెద్ద వంటవాడు చివర్లో రుచి చూసి కళ్ళు తిరిగి పడిపోవాలి. ఆ పెద్ద వంటవాడి వేషం లాయరమ్మకి వచ్చింది. వంటవాళ్ళన్నాక తెల్లటి పొడుగు టోపీలు ఉండాలి కదా, ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి సాయం చేస్తారా అని టీచరమ్మ క్లాసులో అడిగిందట. నలుగురు చేతులెత్తారు. లాయరమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది.

కానీ టీచరమ్మ తమ్ముడు బ్రహ్మాండం దగ్గరే క్రాఫు చేయించుకుంటాడు. మాటల్లో మాటగా టోపీల సంగతి అన్నాడు. ఇంక ఆగుతాడా? కత్తెర పక్కన పడేసి, "తలల సంగతి నాకు వదిలెయ్యండి! ఇరవై రెండేళ్ళుగా తలలతోనే కదా నా కాపురం. చూసి చెప్పేస్తా ఏ తల ఎంతో. బ్రహ్మాండంగా చేసిపెడతానని మీ అక్కయ్యగారితో చెప్పండి" అన్నాడు. ఆ తమ్ముడు సగం క్రాఫుతోనే ఫోను చేసి చెప్పాడు కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి లాయరమ్మ గుమ్మంలోనే ఉంది.

"నాన్నా, మా స్కూలుకి టోపీలు చేస్తానన్నావా?"

"అన్నాను తల్లీ! చూస్తావుగా, ఎలా ఉంటాయో..."

"వద్దు నాన్నా."

"అదేంటే?"

"నువ్వు చెప్తావు. తర్వాత అవదు. ఇంట్లో అయితే పర్లేదు. స్కూల్లో అందరూ ఉంటారు."

లోపల్నించి భార్య దగ్గు వినిపించింది. ఆ దగ్గులో ఎన్ని మాటలున్నాయో అతనికి తెలుసు. ఎప్పట్లాగే నవ్వేసి మాట మార్చబోయాడు గానీ, ఆ పిల్ల కళ్ళల్లో కోపం లేదు, భయం ఉంది. తన తండ్రి స్కూలుకి వస్తాడేమోనన్న భయం.

"ఈ ఒక్కసారి చూడు. ఇది కూడా పాడయిందనుకో..."

"పాడయితే మళ్ళీ మా స్కూల్లో ఎప్పుడూ ఎవరికీ ఏదీ చేస్తానని చెప్పకూడదు. రాకూడదు కూడా. ఒట్టు?"

"ఒట్టు" అన్నాడు. అన్నాక తెలిసింది, తను ఏం పణంగా పెట్టాడో. సెలూన్ పోతే ఇంకో వీధిలో పెట్టుకోవచ్చు. కూతురు చదివే స్కూలు గేటు దగ్గర పరాయివాడిలా ఆగిపోవాల్సి వస్తే ఆ మనిషి ఏం చేస్తాడు?

గురువారం మధ్యాహ్నం షాపుకి 'గంటలో వస్తాను' అని బోర్డు తగిలించి వెళ్ళాడు. ఆ బోర్డుకి గంటంటే మూడు గంటలని వీధంతటికీ తెలుసు. మూడో క్లాసులో పిల్లల కుర్చీ ఒకటి చూపించారు. కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగిలాయి. చుట్టూ ఇరవై ముగ్గురు పిల్లలు. బల్లల మీద మందపాటి తెల్ల అట్టకాగితం పట్టీలు, పలుచటి తెల్ల కాగితాలు, జిగురు సీసాలు, స్టేప్లరు ఉన్నాయి. అతను తన వంతుగా షాపులోని క్లిప్పుల డబ్బా, కొలతల టేపు తెచ్చాడు.

వంటవాడి టోపీ చెయ్యడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. అట్టకాగితం పట్టీని తల చుట్టూ తిప్పి, కొలత దగ్గర గుర్తు పెట్టి, పిన్ను కొట్టాలి. పలుచటి కాగితాన్ని ఒక అంచున చిన్న చిన్న మడతలు పెట్టుకుంటూ పట్టీ లోపలివైపు జిగురుతో అంటించాలి. రెండో అంచుని పువ్వు తొడిమలా గుప్పిట్లోకి తీసుకుని, దారంతో కట్టి, లోపలికి తోసెయ్యాలి. పైన బుస్సుమని పొంగుతుంది. జిగురు ఆరేదాకా మడతలు ఊడిపోకుండా ఒక్కో మడతకీ ఒక్కో జుట్టు క్లిప్పు. ఆ క్లిప్పుల ఆలోచన టీచరమ్మకి తెగ నచ్చేసింది. తనకి కూడా తెగ నచ్చేసింది, దాచుకోవడం ఎందుకు!

పిల్లలు నేల మీద కూర్చుని మడతలు పెడుతున్నారు. ఒకమ్మాయి ముంగురులు జిగురుతో నుదుటికి అంటుకున్నాయి. ఒకడు రెండు టోపీలు కలిపి అంటించేసి, ఇది కవల పిల్లలకి అన్నాడు. ముందు పళ్ళు లేని పిల్లాడొకడు అతని తలకేసి తదేకంగా చూసి, "అంకుల్, మీకు జుట్టెందుకు లేదు?" అని అడిగాడు.

"ఊరందరికీ కత్తిరించీ కత్తిరించీ, చెయ్యి ఆగక నాది కూడా కత్తిరించేసుకున్నానురా. అప్పట్నించీ అలిగి రావట్లేదు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు. గోడకానుకుని, పరీక్ష పేపరు దిద్దే మాస్టారిలా చూస్తోంది.

అసలు పనితనం కొలతల దగ్గర చూపించాడు. ఒక్కొక్కర్నీ ముందు నిలబెట్టి, పట్టీ తల చుట్టూ బిగించి, వేలు దూరుతుందేమో చూసి, దూరితే విప్పి మళ్ళీ బిగించేవాడు. ఉంగరాల జుట్టు పిల్లాడొకడున్నాడు, వాడి జుట్టు స్ప్రింగుల కట్టలా ఉంటుంది. పట్టీ పెడితే జుట్టు పైకి తోసేస్తోంది. అరచేత్తో అదిమిపట్టి మరీ బిగించాడు. స్టేప్లరు పిన్ను కొట్టేటప్పుడు మాత్రం మొనలు బయటివైపుకి వచ్చేలా కొట్టేవాడు, పసి తలలకి గుచ్చుకోకుండా. అది కోత కాదు, నిజంగానే అతనికి తెలిసిన పని.

"కాస్త వదులుగా పెడదామేమోనండీ?" అంది టీచరమ్మ.

"టీచరమ్మా, లెక్కలు మీరు చెప్పండి, నేర్చుకుంటా. తలలు మాత్రం నాకొదిలెయ్యండి. ఈ టోపీలు తుఫానొచ్చినా కదలవు."

ఆవిడ ఇంకో పట్టీ అందించింది.

పది టోపీలు అయ్యేసరికి లాయరమ్మ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. పదిహేనో టోపీకి క్లిప్పులు అందిస్తోంది. చివర్లో తన టోపీ కూడా పెట్టించుకుని, అద్దంలో చూసుకుని, పక్కనున్న అమ్మాయితో మెల్లగా అంది: "మా నాన్న పిన్నులు బయటికి పెడతాడు తెలుసా? గుచ్చుకోకుండా."

అతను వినపడనట్టే నటించాడు గానీ, ఆ పూట ఇంటికి ఎలా నడిచొచ్చాడో తెలియదు. కాళ్ళు నేలమీద ఆనలేదు. టోపీలన్నీ నలక్కుండా టీచరమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. నాటిక నాడే తీస్తామంది.

ఆదివారం వచ్చింది. సోమవారం నాటిక. పిల్లలు నీటుగా తయారై రావాలని స్కూలు వాళ్ళు చీటీ పంపారట. నీటుగా అంటే ముందు గుర్తొచ్చేది జుట్టే కదా. పిల్లలేమో ఇంట్లో ఒకటే పాట, టోపీల అంకుల్ దగ్గరికే వెళ్తాం, టోపీల అంకుల్ దగ్గరికే వెళ్తాం అని. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరొచ్చారు. తొమ్మిదింటికి బెంచీ నిండింది. పదింటికి మందుల దుకాణం మెట్ల మీద కూడా తల్లిదండ్రులు కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళలో అతని షాపు ముందు వరుస నిలబడటం అదే మొదలు. మందుల షాపాయన బయటికి వచ్చి, "ఏంటయ్యా, ఉచితమా?" అని అడిగాడు.

చెయ్యి చూసుకోలేదు, నడుం చూసుకోలేదు. పైకి లేచిన కుర్చీలో పిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని కూర్చోబెట్టి చకచకా లాగించేశాడు. ఉత్సాహంలో ఉన్నాడేమో, మామూలు కంటే రెండాకులు ఎక్కువే కత్తిరించాడు. "నెల దాకా దువ్వెన అక్కర్లేదమ్మా" అని తల్లులకి హామీలు. ఉంగరాల పిల్లాడి ఉంగరాలన్నీ నేలమీద కుప్పపడ్డాయి, వాడి తల నున్నగా, చిన్నగా, కొత్తగా బయటపడింది. ఆ బుగ్గ మీద చిటికేసి, "రేపు టోపీలో రాజాలా ఉంటావురా!" అన్నాడు కూడా. చూశారా, టోపీ అన్న మాట తన నోటితోనే అన్నాడు. అయినా బుర్రలో దీపం వెలగలేదు. సాయంత్రానికి లెక్క చూస్తే మూడో క్లాసు తలలే పద్ధెనిమిది.

లాయరమ్మ పొద్దున్నించీ బెంచీ చివర కూర్చుని ఉంది. దానికీ జుట్టు పెరిగింది. "నీదెంతసేపు తల్లీ, చివర్లో ప్రశాంతంగా చేస్తా" అన్నాడు. చివరికి వచ్చేసరికి వేళ్ళు వంకర్లు తిరిగిపోయి కత్తెర పట్టు చిక్కలేదు. "రేపు పొద్దున్నే" అన్నాడు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మర్చిపోయాడు. పద్ధెనిమిది మంది స్కూలు పిల్లల తలలు దిద్దినవాడు ఇంట్లో ఒక్క తల దిద్దలేదు. "పర్లేదులే నాన్నా" అని పిల్ల జడ బిగించుకుని వెళ్ళిపోయింది.

సోమవారం స్కూలు హాలులో ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేశారు. బ్రహ్మాండం భార్యని వెంటబెట్టుకుని అరగంట ముందే వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాడు. కుడివైపాయనకి టోపీలు తనే చేశానని చెప్పాడు. ఎడమవైపావిడకీ చెప్పాడు. వెనక్కి తిరిగి కూడా చెప్పాడు. "మీరు కాస్త ఊపిరి తీసుకోండి" అంది భార్య.

తెర లేచింది. మధ్యలో అట్టతో చేసిన పెద్ద గిన్నె. పాట మొదలైంది. ఒక్కొక్క వంటవాడూ చేతిలో ఉప్పు డబ్బాతో నడుచుకుంటూ వచ్చాడు. తెల్లటి టోపీలు, బుస్సుమని పొంగిన టోపీలు! అతని గుండె కూడా అలాగే పొంగింది. అయితే నడకలోనే ఏదో తేడాగా అనిపించింది. టోపీలు కనుబొమ్మల దాకా దిగి ఉన్నాయి. పర్లేదు, ఫ్యాషనేమో అనుకున్నాడు. ఇంతలో పాటలో 'గిన్నెలోకి తొంగి చూడు' అని వచ్చింది. పిల్లలందరూ ఒక్కసారిగా తలలు వంచారు.

ఏ నాలుగో తప్ప టోపీలన్నీ ముక్కుల మీదికి జారి కూర్చున్నాయి.

ఆ తర్వాత స్టేజీ మీద జరిగింది చెప్పాలంటే, చూసినవాళ్ళకే నవ్వాగదు. చేతిలో ఉప్పు డబ్బాలు, కళ్ళ మీద టోపీలు. ముందు పళ్ళు లేని పిల్లాడు ఉప్పు గిన్నెలో కాకుండా పక్కవాడి చొక్కాలో వేశాడు. ఇద్దరు అమ్మాయిలు ఎదురెదురుగా వచ్చి ఒకర్నొకరు గిన్నె అనుకుని పట్టుకున్నారు. ఉంగరాల పిల్లాడికైతే టోపీ గడ్డం దాకా దిగింది. వాడు తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి గిన్నెలోనే పడ్డాడు. టోపీ పైకి తోసుకుంటే మళ్ళీ దిగుతోంది, మళ్ళీ తోసుకుంటే మళ్ళీ దిగుతోంది.

హాలు గొల్లుమంది. బ్రహ్మాండం మాత్రం వేళ్ళ మీద కొలతలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎలా జరిగింది? వేలు దూరకుండా బిగించాడే! పట్టీలు సాగాయా? బీరువాలో ఎవరైనా విప్పారా? కుడివైపాయన కళ్ళు తుడుచుకుంటూ, "టోపీలు మీరేనన్నారు కదూ?" అన్నాడు.

భార్య స్టేజీకేసి చూస్తూనే, చెవి దగ్గరికి వంగి అడిగింది. "గురువారం కొలతలు తీసుకున్నారు. ఆదివారం ఎంతమందికి కత్తిరించారు?"

అప్పటికి వెలిగింది దీపం. జుట్టుకి కొలత తీసుకుని, ఆ జుట్టే కత్తిరించి నేలమీద పోశాడు, తన చేతుల్తోనే, ఈల వేసుకుంటూ. ప్రపంచంలో ఇంకెవడు టోపీలు చేసినా ఇలా అవదు. దర్జీ చేస్తే అవదు, టీచరమ్మ చేస్తే అవదు. క్రాఫులు చేసేవాడు టోపీలు చేస్తేనే అవుతుంది. జనం ఒకరికో ఇద్దరికో టోపీ పెడతారు, తను ఏకంగా స్కూలు మొత్తానికి పెట్టాడు. కుర్చీ కింద దూరిపోదామంటే ప్లాస్టిక్ కుర్చీ, అవతలికి కనపడుతుంది.

తల ఎత్తేసరికి లాయరమ్మ వచ్చేసింది. పెద్ద వంటవాడు గరిటె పట్టుకుని స్టేజీ మధ్యలోకి రావాలి, 'ఎవరూ ఉప్పు వెయ్యలేదు కదా?' అని గట్టిగా అడగాలి. దాని టోపీ మాత్రం దిట్టంగా, నిటారుగా, తుఫానొచ్చినా కదలనట్టు నిలబడి ఉంది. తండ్రి కత్తిరించడం మర్చిపోయింది ఆ పిల్ల జుట్టే కదా. అది గిన్నె దాకా వచ్చి ఆగిపోయింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, గిన్నెలోంచి లేవలేకపోతున్న ఉంగరాల పిల్లాడిని చూసింది. తర్వాత మొదటి వరసలో తండ్రిని చూసింది.

అతను చూపు తిప్పుకోలేకపోయాడు. ఇంక అయిపోయిందిరా, ఒట్టు పెట్టావు, ఇక ఈ గేటు నీకు లేదు అనుకున్నాడు. అంతకంటే, స్టేజీ మీద అంతమందిలో ఒంటరిగా నిలబడ్డ ఆ పిల్లని చూస్తే లేచి స్టేజీ ఎక్కెయ్యాలనిపించింది. నేనెందుకు నోరు తెరిచానురా దేవుడా అనుకున్నాడు.

లాయరమ్మ గరిటె చంకలో పెట్టుకుంది. రెండు చేతులతో తన టోపీ అంచులు పట్టుకుని కిందికి లాగింది. రాలేదు. బలమంతా పెట్టి మళ్ళీ లాగింది. పట్టీ వెనక ఎక్కడో చిరిగింది, టోపీ ముక్కు మీదికి దిగింది. కళ్ళు మూతపడగానే చేతులు ముందుకి చాచి తడుముకుంటూ గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జనానికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ గట్టిగా అడిగింది: "ఎవరూ ఉప్పు వెయ్యలేదు కదా?"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మిగతా పిల్లలకి కూడా ధైర్యం వచ్చేసింది. టోపీలు పైకి తోసుకోవడం మానేసి, కావాలనే గుద్దుకోవడం మొదలుపెట్టారు. చివర్లో లాయరమ్మ రుచి చూసి పడిపోవాల్సింది ఒక్కతే, ఇరవై ముగ్గురూ కలిసి పడిపోయారు.

నాటిక అయ్యాక స్టేజీ పక్కన పెద్ద టీచరమ్మ అతన్ని పట్టుకుంది. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. "ఇన్నేళ్ళలో ఇంత నవ్వలేదండీ! ఆ టోపీలు అలా కళ్ళ మీద పడటం ఎవరి ఆలోచన?"

అతను నోరు తెరిచేలోపే కింద నుంచి జవాబొచ్చింది. చిరిగిన టోపీ చేతిలో పట్టుకుని లాయరమ్మ నిలబడి ఉంది. "మా నాన్నదే మేడం. పాట దగ్గర పడేలాగా కొలత చూసి చేశాడు. చాలా కష్టం అలా చెయ్యడం. ఎవరికీ రాదు."

కథ చెప్పేటప్పుడు సరిగ్గా ఇక్కడ అతని కత్తెర ఆగుతుంది. ఎందుకంటే ఆ పిల్ల కళ్ళు ఆర్పకుండా, గొంతు తడబడకుండా, అచ్చం తనలాగే చెప్పింది. ఆ గడ్డం ఎత్తడం కూడా తనదే. ఎనిమిదేళ్ళుగా ఒక్క అబద్ధం ఆడని పిల్ల, ఏ తేదీ కూడా తప్పు చెప్పని పిల్ల, తన కోసం అంతమంది ముందు ఇంత కోత కోసింది. పక్కన టీచరమ్మ, భార్య, నలుగురు తల్లిదండ్రులు వింటున్నారు. ఊఁ అంటే చాలు, గెలిచినట్టే. మామూలు రోజైతే ఊఁ అనడమేంటి, దానికి ఇంకో రెండు మూరలు తనే కలిపేవాడు. ఆ రోజు మాత్రం సిగ్గుతో తల తీసేసినట్టయింది. తన నోటి బరువు ఇన్నాళ్ళూ ఎవరు మోస్తున్నారో అప్పుడు తెలిసింది.

"కాదండీ" అన్నాడు. గొంతు కొత్తగా వినిపించింది. "పాప నన్ను వెనకేసుకొస్తోంది. కొలతలు గురువారం తీసుకున్నాను. ఆదివారం నేనే కూర్చోబెట్టి దాదాపు అందరికీ క్రాఫులు చేశాను. జుట్టు తగ్గితే టోపీ వదులవుతుందని తట్టలేదు. కాస్త వదులుగా పెడదామా అని టీచరమ్మ అడిగినా వినలేదు. తప్పు నాదే."

పెద్ద టీచరమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, మళ్ళీ పగలబడి నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. అతనికి అదేం వినపడలేదు. ఉయ్యాల ఊడిపడ్డప్పుడు ఏడవని పిల్ల, చేపలు వెళ్ళిపోయినప్పుడు ఏడవని పిల్ల, అందరి ముందూ అతని పొట్టకి మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను అంత బాగా చెప్తే... ఎందుకు చెప్పేశావు నాన్నా..."

దాని తల నిమురుతూ, "నువ్వు అలా చెప్పకూడదమ్మా, అది నాకున్న రోగం, నీకొద్దు" అన్నాడు. తర్వాత, "మన ఒట్టు గుర్తుంది. ఇంక మీ స్కూలుకి రాను" అన్నాడు.

ఇంతలో టీచరమ్మ టోపీలు ఏరుకుంటూ వచ్చి, రేపు ఇదే నాటిక చిన్న క్లాసుల పిల్లల కోసం మళ్ళీ వెయ్యాలి, ఈ టోపీలతో స్టేజీ మీంచి ఎవరైనా పడతారేమో, ఎలాగబ్బా అంది. ఎవరితోనూ కాదు, తనలో తను.

లాయరమ్మ తండ్రి చొక్కాకి ముక్కు తుడుచుకుని తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"రేపు పొద్దున ఏడింటికి మా నాన్న వచ్చి అన్నీ బిగించేస్తాడు టీచర్."

అతను నమ్మలేనట్టు చూశాడు. ఇన్నేళ్ళూ అతని మాటలు లెక్కపెట్టుకున్న పిల్ల ఇప్పుడు అతని తరఫున తనే మాటిచ్చింది. ఇచ్చి, అతనికేసి తిరిగింది. "వస్తావుగా?"

ఏడేంటి, ఆరింటికే వస్తా, ఇరవై మూడేంటి, ఇంకో యాభై చేసిపెడతా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"వస్తాను" అన్నాడు.

మర్నాడు ఏడుకి పావు తక్కువకే టేపు జేబులో పెట్టుకుని స్కూలు గేటు ముందు నిలబడ్డాడు. వాచ్‌మన్ ఇంకా తాళం తియ్యలేదు. లాయరమ్మ కూడా వెంట వచ్చింది. నాన్న వస్తాడో రాడో అన్న అనుమానంతో కాదు. గేటు తీశాక, బస్సు దిగుతున్న పిల్లలందరూ చూస్తుండగా, అతని చెయ్యి పట్టుకుని తనే లోపలికి తీసుకెళ్ళాలని.